మనసు గోడు పేట డాక్టరుకే చెబితే?

సోలాపూర్ తూర్పు భాగంలోని సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేటల్లో దవాఖానా బెంచీ మీద కూర్చుంటే తెలుగే వినిపిస్తుంది. కరీంనగర్, నల్గొండ, పాలమూరు వైపు నుంచి తరాల కిందట మగ్గం పనికి వచ్చి స్థిరపడిన పద్మశాలీల పేటలివి. మగవాళ్లు పవర్‌లూమ్ కార్ఖానాల్లో చాదర్లు, టవల్స్ నేస్తారు. ఆడవాళ్లలో చాలామంది బీడీలు చుడతారు. డాక్టరు దగ్గర చెప్పుకునేవి మాత్రం నిద్ర పట్టట్లేదని, గుండె దడ అని, తల బరువని, ఒంట్లో సత్తువ లేదని. బీపీ చూస్తారు, ఓ సూది, నాలుగు గోళీలు. మనసు సంగతి ఎవరూ అడగరు, వీళ్లూ చెప్పరు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో ప్రతి వందమంది పెద్దవాళ్లలో 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య కనిపించింది. దిగులు, ఆందోళన వంటి మామూలు సమస్యలున్నవాళ్లలో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందలేదు. ఆ 12లో మహారాష్ట్ర లేదు. అయినా ఆ 10.6 లెక్కన సోలాపూర్ నగరంలో పెద్దవాళ్లు ఆరు లక్షలనుకుంటే సమస్య ఉన్నవాళ్లు 60 వేలకు పైగా అవుతారు. దేశంలో లక్ష జనాభాకు ఉన్న మానసిక వైద్యులు 0.75 మంది. ఆ చొప్పున, 2011 జనగణనలో తొమ్మిదిన్నర లక్షలున్న నగరానికి ఏడుగురు వస్తారు. ఏడుగురు 60 వేల మందిని చూడగలరా? అందుకే పేట డాక్టరు కావాలి.

ఆ డాక్టరు వల్ల అవుతుందా అంటే, అవుతుందని రుజువైంది. గోవాలో 24 దవాఖానాల్లో జరిగిన ప్రయోగం ఫలితాలు 2010లో వచ్చాయి. డాక్టరుకు తోడు శిక్షణ పొందిన స్థానిక కౌన్సెలర్ ఉన్న సర్కారీ దవాఖానాల్లో ఆరు నెలలకు 65.9 శాతం మంది కోలుకున్నారు, లేనిచోట 42.5 శాతం. ప్రైవేటు క్లినిక్కుల్లో మాత్రం తేడా రాలేదు. తెలిసిన డాక్టరు కాస్త తీరిగ్గా మాట్లాడటమే అక్కడ పనిచేసి ఉంటుందని నా నమ్మకం. మన పశ్చిమ గోదావరిలో, హర్యానాలో కలిపి 44 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలు ట్యాబ్లెట్ కంప్యూటర్ పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు, అవసరమైనవాళ్లను డాక్టరు దగ్గరికి పంపారు. ఏడాదికి అక్కడ దిగులు తగ్గినవాళ్లు 74.7 శాతం, మామూలు పద్ధతి నడిచినచోట 50.6 శాతం.

డాక్టరు చేసేది పెద్ద తతంగమేమీ కాదు. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 27. పది గానీ అంతకు మించి గానీ వస్తే జాగ్రత్తగా చూడాలి. మందు అవసరమైతే గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. వారానికే “పనిచేయలేదు” అని ఆపేసేవాళ్లు ఎక్కువ. బాగయ్యాక కూడా నెలల తరబడి, డాక్టరు చెప్పేదాకా వాడాలి. వట్టి నిద్ర గోళీలు నెలలకొద్దీ మింగితే మాత్రం అలవాటుగా మారే ప్రమాదముంది. అలాంటి చీటీ చేతికొస్తే “ఎన్నాళ్లు వాడాలి సార్?” అని అడగడం మీ హక్కు.

హక్కు అన్నది ఊరికే వాడిన మాట కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్, ప్రాథమిక స్థాయి నుంచి ప్రతి సర్కారీ దవాఖానాలోనూ ఈ వైద్యం అందాలంటుంది. పేట డాక్టరుతో తేలకపోతే సివిల్ హాస్పిటల్‌కు చీటీ రాయించుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగొద్దు. ఇంట్లోవాళ్లకు చెప్పి, ఒంటరిగా ఉండకుండా దగ్గర్లోని దవాఖానాకు వెళ్లండి, లేదా 14416కు ఫోన్ చేయండి. ఆ టెలీమానస్ సేవ 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీపగలూ ఉచితమే. 20 భాషల్లో దొరుకుతుంది, తెలుగులో కూడా.