మాస్కు తీసేస్తే మొండితనమేనా?

తార్నాకలో మా ఇంట్లో నాన్న గురక పక్క గదిలోకీ వినిపించేది. టెస్టు చేస్తే స్లీప్ ఆప్నియా అని తేలింది. నిద్రలో గొంతు దారి మూసుకుపోయి ఊపిరి పదేపదే ఆగుతుంది. సీప్యాప్ మెషిన్ కొన్నాం. మాస్కులోంచి వచ్చే గాలి ఒత్తిడి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా డాక్టర్ కాలిన్ సలివన్ బృందం 1981లో ప్రపంచానికి చెప్పిన పద్ధతి ఇది.

రాత్రికి కనీసం 4 గంటలు వాడాలంటారు. మెషిన్ డేటా చూస్తే 2 గంటలే! "నీకు ఓపికే లేదు నాన్నా" అని కసిరాను.

మర్నాడు ఓయూలో ఆర్ట్స్ కాలేజీ ముందు వాకింగ్‌లో నాన్న అన్నాడు: "కావాలని తీస్తున్నానా? గడియారం చప్పుడుకే లేచేవాణ్ణిరా నేను."

అదే డాక్టరుకు చెప్పాం. కొందరి మెదడు ఊపిరిలో చిన్న తేడాకే మేల్కొంటుందట. అలాంటివాళ్లకు మాస్కుతో నిద్ర కష్టం. నాన్నకు ముక్కుదిబ్బడ కూడా ఉంది. దానికి మందు ఇచ్చి, గాలికి తేమ పెట్టి, ఒత్తిడి మెల్లగా పెరిగేలా మార్చారు. పగలు టీవీ చూస్తూ మాస్కు అలవాటు చేసుకోమన్నారు. సొంతంగా నిద్రమాత్రలు మాత్రం వద్దన్నారు.

ఇప్పుడు 5 గంటలు దాటుతోంది. సెట్టింగ్ చూడకుండా మనిషిని తిట్టాను. తప్పు నాదే.