పాత మోటారు సైకిలు కొనుటకు ముందు

రామతీర్థము నుండి విజయనగరము సుమారు 12 కిలోమీటర్లు. బోధికొండ పాదమున నున్న ఆ గ్రామము నుండి నెల్లిమర్ల మీదుగా ప్రతిదినము పట్టణమునకు వచ్చి చదువుకొను విద్యార్థులు కలరు. ఉదయపు బస్సు తప్పిపోయినచో మొదటి గంట పాఠము పోయినట్లే. గత సంవత్సరము అట్టి విద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చి, "మాస్టారూ, సెకండ్ హ్యాండ్ బండి ఒకటి బేరానికి వచ్చింది. నాన్న మిమ్మల్ని ఒక్కసారి చూసి చెప్పమన్నారు" అని అడిగినాడు. మేము తెలుగు బోధించువారమే కాని మెకానిక్కులము కాము. అయినను పండ్రెండేండ్లుగా పాత బండ్ల మీదనే తిరుగుచున్నవారము గనుక వాని గుణదోషములు కొంత ఎరుగుదుము. ధర 35,000 రూపాయలు. అందుకై ఆ తల్లి మెడలోని గొలుసు కుదువ పెట్టుటకు ఇంటివారు సిద్ధపడినారని విన్నప్పుడు, ఇది ఇనుమును మాత్రమే పరీక్షించు పని కాదని మాకు తోచినది. నాడు మేము చూచినవి, చూడవలసినవి మన విద్యార్థులకు ఉపయోగపడునని ఇచట వివరించుచున్నాము.

ముందుగా ఒక మాట. బండిని పరీక్షించుట అమ్మువానిని అవమానించుట కాదు. మన దేశములో 1930 నాటి వస్తు విక్రయ చట్టము, కొన్ని మినహాయింపులతో, సరకు మంచిచెడ్డలు చూచుకొను భారమును కొనువాని మీదనే ఉంచినది. 1872 నాటి కాంట్రాక్టు చట్టములోని 19వ సెక్షను మరియొక మెట్టు ముందుకు పోయినది. అమ్మువాడు లోపమును చెప్పక మౌనముగా ఊరకుండి మోసగించినను, సాధారణమైన జాగ్రత్తతో ఆ లోపమును కనుగొనగల అవకాశము కొనువానికి ఉన్నచో, ఆ బేరమును రద్దు చేయుమని అతడు తరువాత కోరజాలడు. కనుక చూడక కొని, పిదప వగచినవానికి చట్టము ఊరట నీయదు.

ఐతే ధర్మము అమ్మువానిని కూడ విడువలేదు. మహాప్రవక్త ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలినదనియు, ఆ తడిసినదానిని జనులు చూచునట్లు పైననే ఏల ఉంచలేదని వర్తకుని నిలదీసినారనియు హదీసు గ్రంథములు చెప్పుచున్నవి. ధాన్యము పండించు మన ప్రాంతమువారికి ఈ ఉదంతమును విడమరచి చెప్ప నక్కరలేదు. పాత బండి కూడ అట్టి రాశియే. పైన రంగు, మెరుగు. తడి లోపల నుండును. మనము చేయి పెట్టి చూడవలసినది అచ్చటనే.

చేయి పెట్టవలసిన మొదటి చోటు ఇంజను కాదు, కాగితములు. ఆర్.సి.లోని ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండి మీద చెక్కియున్న అంకెలతో ఒక్కొక్కటిగా సరిచూడవలెను. ఛాసిస్ నంబరు సాధారణముగా హ్యాండిలు క్రింది గొట్టము వద్దను, ఇంజను నంబరు ఇంజను పెట్టె మీదను ఉండును. అంకెలు అరగదీసినట్లు, మరల కొట్టినట్లు, ఆ చోటనే క్రొత్త రంగు పూసినట్లు కనిపించినచో బేరము నచటనే విడువవలెను. దొంగ సొత్తని నమ్మదగిన కారణ ముండియు కొన్నవాడు, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షను క్రింద శిక్షార్హుడు.

ఆర్.సి.లో ఎవరి పేరున్నది? అమ్ముచున్నవాడు అతడేనా? అప్పు ఇచ్చిన ఫైనాన్సు సంస్థ పేరు ఇంకను ఉన్నదా? ఉన్నచో అప్పు తీరినట్లు ఆ సంస్థ ఇచ్చు పత్రమును, ఫారము 35ను అమ్మువాడు తేవలెను. రిజిస్ట్రేషను గడువు ఎప్పటితో తీరును? సొంత వాహనమునకు అది మొదట 15 సంవత్సరములు చెల్లును, పిదప 5 సంవత్సరముల చొప్పున పొడిగించుకొనవలెను. మన జిల్లాలలో రాయగడ, పర్లాకిమిడి వైపుల నుండి వచ్చిన ఒడిశా బండ్లు చౌకగా దొరకుట కద్దు. అట్టి బండికి అచ్చటి అధికారి ఇచ్చు నిరభ్యంతర పత్రము, అనగా ఫారము 28, లేనిచో ఇచ్చట పేరు మారదు. దానిపై మన రాష్ట్రపు పన్నును కూడ లెక్కలో వేసికొనవలెను. ఇప్పుడు ప్రభుత్వపు ఎం-పరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టినచో రిజిస్ట్రేషను తేది, ఇన్సూరెన్సు గడువు మొదలగునవి కనిపించును. పోలీసు చలానాలు మిగిలియున్నవేమో కూడ ఇంటర్నెట్టులో చూచుకొనవచ్చును. ఇన్ని సౌకర్యము లుండగా అమ్మువాని నోటిమాటపై ఆధారపడ నేల?

తరువాత ఇంజను. దీనిని చల్లగా నున్నప్పుడే చూడవలెను. మేము వెళ్ళునప్పటికి ఆ బండి కడిగి, తుడిచి, అద్దమువలె నున్నది. ఇంజను మీద చేయి ఉంచగా వేడి తగిలినది. మేము రాకముందే దానిని తిప్పి సిద్ధముగా నుంచినారు. వేడిమీద నున్న ఇంజను తన రోగమును దాచుకొనును. మరునాటి ఉదయము వచ్చి చూతుమని చెప్పి వచ్చితిమి. ఆ ఉదయము కిక్కు కొట్టగా ఏడెనిమిది మార్లకు గాని బండి పలుకలేదు. పలికిన పిదప సైలెన్సరు నుండి నీలిపొగ వెడలినది, యాక్సిలరేటరు త్రిప్పినకొలది హెచ్చినది.

పొగను గూర్చి మన పెద్దలలో ఒక అభిప్రాయ మున్నది: బండి అన్న తరువాత పొగ సహజమని. ఇది రాజదూత్ వంటి టూ-స్ట్రోకు బండ్ల కాలపు మాట. వానిలో పెట్రోలుతోపాటు ఆయిలు కూడ కాలును గనుక పొగ తప్పదు. 1985లో హీరో హోండా సి.డి.100 వచ్చినది మొదలు ఫోర్-స్ట్రోకు బండ్లు క్రమముగా ఆ స్థానమును ఆక్రమించినవి. ఈ ఇంజనులో ఆయిలు కదలు భాగములను తడుపుటకే గాని కాలుటకు కాదు. నీలిపొగ వచ్చినదన్న పిస్టను రింగులో, వాల్వు సీళ్ళో అరిగి ఆయిలు కాలుచున్నదని అర్థము. మెకానిక్కులు దీనినే ఇంజను బోరుకు వచ్చినదందురు. నల్లపొగ పెట్రోలు హెచ్చుగా కాలుటను తెలుపును, సరిచేయుట కొంత సులభము. చలికాలపు ఉదయమున క్షణకాలము కనిపించు తెల్లని ఆవిరికి భయపడ నక్కరలేదు.

ఆయిలు కొలబద్దను తీసి చూచుట మరువరాదు. ఆయిలు పాలు కలిసిన కాఫీ రంగున నున్నచో లోపలికి నీరు చేరినదన్నమాట. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫానులను చూచిన మన జిల్లాలలో ఈ పరీక్ష అత్యవసరము. భీమిలి, చింతపల్లి వంటి సముద్రతీర గ్రామములలో తిరిగిన బండికి ఉప్పుగాలి వలన త్రుప్పు త్వరగా పట్టును. సైలెన్సరు అడుగు భాగము, చక్రపు పుల్లలు, సీటు క్రింది ఛాసిస్ గొట్టములు వంగి చూడవలెను. 2020 ఏప్రిల్ తరువాతి బి.ఎస్.6 బండియైనచో, తాళము త్రిప్పగానే మీటరులో ఇంజను గుర్తు దీపము వెలిగి, స్టార్టు ఐన పిదప ఆరవలెను. అసలు వెలుగకపోయినను, ఆరకపోయినను అనుమానింపవలెను.

మీటరు చూపు కిలోమీటర్లను నమ్మవలదు, మీటరును మార్చుట సులభము. కాలు మోపు ఫుట్‌రెస్టు రబ్బరు, గేరు రాడ్డు రబ్బరు, చేతి గ్రిప్పులు అబద్ధ మాడవు. మీటరు 18,000 చూపుచుండగా రబ్బరులు నున్నగా అరిగియున్నచో ఏది నిజమో వేరుగ చెప్ప నేల? టైరు ప్రక్కన నాలుగు అంకెల సంఖ్య యుండును. 2319 అన్నచో 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. వెనుక చైనును స్ప్రాకెట్టు మీదనుండి వెనుకకు లాగి చూడవలెను. పండ్లలో సగము బయటపడినను, పండ్లు కొక్కెములవలె వంగినను చైను సెట్టు మార్పు తప్పదు.

బండి పడినదా, లేదా అన్నది ముఖ్యమైన ప్రశ్న. వెనుక నిలిచి చూచినచో రెండు చక్రములు ఒకే వరుసలో నుండవలెను. ముందు చక్రమును పైకెత్తించి హ్యాండిలును ఇరుప్రక్కలకు మెల్లగా త్రిప్పినచో నడుమ ఎచ్చటను చిక్కరాదు. చిక్కినచో కోన్ సెట్టు పోయినది. వెనుక చక్రమును ప్రక్కకు ఊపినచో కదలరాదు. ఫోర్కు గొట్టములు వంగినను, ఛాసిస్ అతుకుల వద్ద రంగు ముడుతలు పడినను అది పెద్ద దెబ్బకు సాక్ష్యము. ఇంజను చెడినచో డబ్బు పోవును. ఛాసిస్, ఫోర్కు, బ్రేకు చెడినచో ప్రాణము పోవును. మొదటిదానికి ధర తగ్గించి అడుగవచ్చును, రెండవదానికి ఏ ధరయు తగినది కాదు.

చివరిది రోడ్డు పరీక్ష. ఇన్సూరెన్సు ఉన్నదని రూఢి చేసికొని, లైసెన్సు ఉన్నవారే, హెల్మెట్టు పెట్టుకొని నడుపవలెను. రద్దీ లేని చోట అన్ని గేర్లు వేసి చూడవలెను. పై గేరులో యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు ఇంజను రొద హెచ్చి వేగము హెచ్చకున్నచో క్లచ్చు ప్లేట్లు అరిగినవి. గేరు తనంతట తాను జారరాదు. బ్రేకు వేసినప్పుడు బండి ఒక ప్రక్కకు లాగరాదు.

ఆ బండి విషయమున కాగితములే తుది తీర్పు చెప్పినవి. ఆర్.సి.లోని పేరు అమ్మువానిది కాదు. అతడు రెండేండ్ల క్రిందట మరియొకరివద్ద కొని, పేరు మార్పించుకొనక, సంతకము చేసిన ఖాళీ ఫారములను దాచియుంచినాడు. మేము వెనుదీయగా, "నమ్మకం లేదా సారూ?" అని నొచ్చుకొన్నాడు. "మిమ్మల్ని నమ్మక కాదండీ. రేపు ఆ యజమాని ఎక్కడున్నాడో మీకూ తెలీదు, మాకూ తెలీదు" అంటిమి.

ఇందులో ప్రమాదము కొనువానికే కాదు. మేము మునుపు ఒక బండి అమ్మి, పేరు మార్పు సంగతి కొన్నవాని మాటకు విడిచితిమి. కొంత కాలమునకు మేము ఎన్నడు పోని ఊరిలోని చలానాలు మా పేర వచ్చినవి. చలానాలతో పోయినందుకు సంతోషింపవలసి వచ్చినది. ఏలయనగా, 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్‌ల వ్యాజ్యమున సుప్రీం కోర్టు, ఒక కారు చేతులు మారి మారి పోయినను, రిజిస్టరులో ఎవరి పేరున్నదో ప్రమాద పరిహారమునకు వారే బాధ్యులని తీర్పు చెప్పినది. మోటారు వాహన చట్టములోని 50వ సెక్షను ప్రకారము అమ్మినవాడు 14 దినములలో ఫారము 29 ద్వారా తెలుపవలెను. కొన్నవాడు 30 దినములలో ఫారము 30తో దరఖాస్తు చేయవలెను. ఇన్సూరెన్సును తన పేరికి మార్చుమని 14 దినములలో కంపెనీకి వ్రాయవలెను. యజమాని మరణించినచో వారసుడు ముందు ఫారము 31తో తన పేర మార్పించుకొని పిదప అమ్మవలెను. డబ్బు చేతులు మారినంత మాత్రమున బేరము ముగిసినట్లు కాదు, పేరు మారిననాడే ముగిసినట్లు.

నెల దినముల తరువాత ఆ విద్యార్థికి వేరొక బండి దొరకినది. చూపునకు అందమైనది కాదు. ట్యాంకు మీద గీతలు, సీటుకు అతుకు. మేము వంగి చూడబోవుచుండగానే అమ్ముచున్న పెద్దాయన, "మాస్టారండీ, ముందు షాకులో ఆయిలు కారతన్నాది. బాగు సేయించుకోవాల. అది తగ్గించే ఇవ్వండి" అన్నాడు. కాగితములు ఆయన పేరనే ఉన్నవి. ఇంజను చల్లగా నుండి, మొదటి కిక్కుకే పలికినది. తడిసిన ధాన్యమును రాశి పైననే ఉంచిన ఆ మనిషితో మేము బేర మాడలేదు. 21,000 రూపాయలకు బండి వచ్చినది. వాయిదాలు లేవు, ధాన్యము అమ్మిన సొమ్ము సరిపోయినది. గొలుసు ఆ తల్లి మెడలోనే నిలిచినది.

ఆ విద్యార్థి ఇప్పుడు మొదటి గంటకు ముందుగానే వచ్చుచున్నాడు. మూడు నాలుగేండ్లకు అతడును ఆ బండిని మరియొకరికి అమ్మును. మన విద్యార్థులు కొనునప్పుడు కన్నులు తెరచుకొని కొనవలెనని, అమ్మునప్పుడు ఆ పెద్దాయనవలె నోరు తెరచి చెప్పి అమ్మవలెనని మా కోరిక.