అరోరా దగ్గరి అలలు: లెక్క తప్పిందెక్కడ?

అలాస్కా ఆకాశంలో అరోరా (ధ్రువ కాంతి) వెలిగే వేళ, సుమారు 110 కిలోమీటర్ల ఎత్తున కంటికి కనిపించని అలలు కూడా లేస్తాయి. ఎందుకు?

అక్కడి గాలిలో కొంత ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోయి ఉంటుంది. అదే ప్లాస్మా. అరోరా వేళ విద్యుత్ క్షేత్రం బలపడితే తేలికైన ఎలక్ట్రాన్లు పరుగు తీస్తాయి. బరువైన అయాన్లేమో తిరునాళ్ల జనంలో ఇరుక్కున్న బండిలా గాలి అణువులను గుద్దుకుంటూ వెనకబడతాయి. ఈ వేగాల తేడా ప్లాస్మాలోని ధ్వని వేగాన్ని (సెకనుకు దాదాపు 400 మీటర్లు) దాటితే అలలు పుడతాయని 1963లో శాస్త్రవేత్తలు ఫార్లీ, బునెమాన్ విడివిడిగా లెక్కగట్టారు.

సరిచూసేదెలా? రాడార్ తరంగం తన పొడవులో సగం ఉన్న అలలను తాకి తిరిగొస్తుంది. దాని పౌనఃపున్యంలో వచ్చిన మార్పు అలల వేగం చెబుతుంది.

అలలైతే దొరికాయి. పేచీ వేగం దగ్గర వచ్చింది! ఎలక్ట్రాన్లు ఎంత జోరుగా పోతే అలలూ అంత జోరందుకోవాలని లెక్క. కొలతల్లో మాత్రం అవి చాలాసార్లు ధ్వని వేగం దగ్గరే ఆగాయి. నిజానికి ఆ లెక్క అప్పుడే పుట్టిన బుల్లి అలలకే చెల్లుతుంది. పెరిగాక అవి ఒకదాన్నొకటి చెదరగొడతాయి, ఎలక్ట్రాన్లను వేడెక్కిస్తాయి. ఆ అదనపు వేడిని అలాస్కాలోని చటానికా రాడార్ నిజంగానే పట్టుకుంది. వేడి పెరిగితే ధ్వని వేగమూ పెరుగుతుంది కాబట్టి, అలల వేగానికున్న హద్దు కూడా పైకి జరుగుతుంది.