బిందె ఎందుకంత పెద్దదయింది?

మీ ఇంట్లో పిల్లల్ని ఒక బొమ్మ గీయమని అడిగి చూడండి. చాలామంది గీసేది ఒకటే. రెండు కొండలు, మధ్యన సూర్యుడు, కిందికి పారే నది, ఒడ్డున కొబ్బరిచెట్టు. మా కనిగిరిలో నది పారదు. ఊరి పక్కనే పాత కోట ఉన్న కొండ ఉంది గానీ, దాన్ని గీసిన పిల్లలు నాకు ఒకరిద్దరే కనిపించారు. మిగతావాళ్లంతా ఎవరో నేర్పిన సీనరీనే దించుతారు.

ఇది చెప్పే అర్హత నాకు లేదేమో. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

మా అమ్మాయి ఒకటో తరగతిలో ఉన్నప్పుడు బడిలో బొమ్మల పోటీ పెట్టారు. 'మా ఇల్లు' గీసి తెమ్మన్నారు. పిల్ల గీసుకొచ్చింది చూస్తే నవ్వొచ్చింది. ఇల్లు అగ్గిపెట్టెంత, నీళ్ల బిందె ఇంటికి రెండింతలు. ఆ ఎండాకాలం మా వీధికి ట్యాంకరు వస్తేనే నీళ్లు. బోరు నీళ్లలో ఫ్లోరైడ్, తాగడానికి పనికిరావు.

"ఇదేందే, బిందె ఇంత పెద్దగా ఉంది?" అన్నాను.

"అది నిండకపోతే నువ్వు కోప్పడతావు గదమ్మా" అంది.

అప్పుడైనా నాకు తట్టలేదు. రబ్బరు తీసుకుని బిందె చెరిపేశాను. ఇంటిని పెద్దది చేసి, పక్కన కొబ్బరిచెట్టు నేనే గీసిచ్చాను. ప్రైజొచ్చింది, స్టీలు టిఫిను డబ్బా. ఆ తర్వాత ఎప్పుడు గీయమన్నా "నువ్వే గీయమ్మా, నాకు రాదు" అనేది. దాదాపు రెండేళ్లు పెన్సిలుతో బొమ్మ ముట్టలేదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. పసిపిల్లలు కంటికి కనిపించిన కొలతలతో గీయరు. మనసులో ఏది పెద్దదో దాన్ని పెద్దగా గీస్తారు. రెండేళ్లప్పుడు పిచ్చిగీతలు, మూడేళ్లకు సున్నాలు, నాలుగేళ్లకు తలకాయలోంచే కాళ్లు మొలిచిన మనిషి. ఏ దేశం పిల్లలైనా ఇంచుమించు ఈ వరసలోనే వస్తారు. వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ అనే ఆయన 1897లోనే పిల్లల కోసం బొమ్మల తరగతి తెరిచి, వాళ్లు గీసింది దిద్దకుండా వాళ్లనే గీయనిచ్చాడు.

అదే 1897లో మన దామెర్ల రామారావు పుట్టారు. ఆయన ప్రతిభను గుర్తించి బొంబాయి జె.జె. స్కూలుకు దారి చూపింది రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే. రామారావు 1925లోనే కన్నుమూశారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రాలు వేశారు. చూసి, మెచ్చుకునే మనిషి ఒకరుంటే ఎంత తేడానో చూడండి.

మన పిల్లలంతా చిత్రకారులు కానక్కర్లేదు. కానీ అఆలు దిద్దే వేళ్లకు ముందు రంగుబలపం పట్టడం అలవాటైతే రాత సులువవుతుంది. మాటల్లో చెప్పలేని భయం, దిగులు బొమ్మలో బయటపడతాయి. పదో తరగతి దాకా కళలు తప్పనిసరి పాఠంగా ఉండాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. అయినా పరీక్షలు దగ్గరపడితే చాలా బడుల్లో ముందు ఎగిరిపోయేది డ్రాయింగు పీరియడే.

బడి సంగతి అలా ఉంచి, ఇంట్లో మనం చేయగలిగింది చాలా ఉంది. ఖరీదైన రంగులే కొననక్కర్లేదు. బొగ్గు, ముగ్గుపిండి, పసుపు చాలు. పసుపులో మీరు చిటికెడు సున్నం కలిపి ఎర్రబడటం చూపించండి, పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో! సున్నం మాత్రం వాళ్ల చేతికివ్వకండి. వినాయకచవితికి తెచ్చిన మట్టిలో గుప్పెడు వాళ్లకి వదిలేయండి. పాత క్యాలెండరు వెనక వైపు తెల్లకాగితం కాదూ? ఒక్కటే గుర్తుంచుకోండి. "ఇదేం బొమ్మ?" అని అడగొద్దు, "దీని కథేంటో చెప్పు" అనండి. రబ్బరు మాత్రం మన చేతికి తీసుకోవద్దు.

మొన్న సంక్రాంతికి వాకిట్లో నేను చుక్కలు పెడుతుంటే మా అమ్మాయి పక్కన కూర్చుని పిండి అడిగింది. ఇచ్చాను. వంకరగా ఒక లారీ, దాని వెనక బారుగా బిందెలు. "ముగ్గులో ఇవేందమ్మా?" అని పక్కింటి పిన్ని నవ్వింది.

"ఉండనీండి పిన్నీ, దాని ముగ్గు అది" అన్నాను. పిల్ల తలెత్తి నావైపు చూసి, ఇంకో బిందె గీసింది.