మీకు తెలుసా? జాయ్ డివిజన్ ఎక్కడ ఆగింది, న్యూ ఆర్డర్ ఎక్కడ మొదలైంది

నల్ల టీషర్టు మీద కొండల వరసల్లా ఎగుడుదిగుడుగా తెల్ల గీతలు. ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. వేసుకున్నవాళ్ళలో చాలామందికి అదేమిటో తెలియదు. అది ఒక నక్షత్రం పంపిన రేడియో సంకేతాల పటం. 1967లో కేంబ్రిడ్జిలో జోసెలిన్ బెల్ అనే పరిశోధక విద్యార్థిని పట్టుకున్న తొలి పల్సార్ అది. 1.337 సెకన్లకోసారి, తు.చ. తప్పకుండా స్పందిస్తుంది. ఆ పటం ఒక ఖగోళ విజ్ఞాన గ్రంథంలో అచ్చయింది. అక్కణ్ణించి తీసుకున్న ఆ పటంలో పీటర్ సావిల్ అనే డిజైనర్ నలుపూ తెలుపూ తారుమారు చేసి, 1979లో ‘అన్‌నోన్ ప్లెజర్స్’ అనే ఆల్బమ్‌కి అట్టగా వేశాడు. ముందు వైపు బృందం పేరు లేదు, ఆల్బమ్ పేరూ లేదు.

ఆ బృందం ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ ప్రాంతపు జాయ్ డివిజన్. గాయకుడు ఇయన్ కర్టిస్, గిటార్ బెర్నార్డ్ సమ్నర్, బేస్ గిటార్ పీటర్ హుక్, డ్రమ్స్ స్టీఫెన్ మోరిస్. 1980 మే 18న, తొలి అమెరికా పర్యటనకు బయల్దేరాల్సిన ముందు రోజు, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. వయసు 23. అంతకు ఏడాదికి పైగా ముందే అతనికి మూర్ఛవ్యాధి ఉందని తేలింది. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ అయ్యారు. జాయ్ డివిజన్ అంటే చీకటి, న్యూ ఆర్డర్ అంటే డాన్స్‌ఫ్లోర్ అని సంగీతాభిమానులు గీత గీసేస్తారు. నన్నడిగితే ఆ గీత తప్పుచోట పడింది.

హుక్, సమ్నర్ ఒకే బడిలో చదువుకున్నారు. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లో పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ కచేరీకి వెళ్ళొచ్చి, వీళ్ళు చేయగా లేనిది మనం చేయలేమా అనుకున్నారు. హుక్ మర్నాడే బేస్ గిటార్ కొన్నాడు. అప్పటికి వాయించడం రాదు. అతని స్పీకర్ నాసిరకంది కావడంతో మంద్ర స్వరాలు వాయిస్తే ఎవరికీ వినపడేవి కావు. పై స్థాయిలో వాయిస్తేనే తన వాద్యం తనకు వినపడేది. అలా గతిలేక పట్టుకున్న పద్ధతే చివరికి అతని ముద్ర అయింది. రెండు బృందాల పాటల్లోనూ బేస్ గిటార్ వెనక నిలబడి తాళం మోయదు, ముందుకొచ్చి రాగం తీస్తుంది. ఏ బృందం పాటో తెలియకపోయినా వేళ్ళు ఎవరివో చెప్పేయొచ్చు.

పేర్ల విషయంలో మాత్రం వీళ్ళకు ఒకసారి చెయ్యి కాలినా బుద్ధి రాలేదు. జాయ్ డివిజన్ అన్నది ‘హౌస్ ఆఫ్ డాల్స్’ నవలలోంచి తీసుకున్న మాట. నాజీ నిర్బంధ శిబిరాల్లో స్త్రీలను సైనికుల కోసం బలవంతంగా ఉంచిన విభాగానికి ఆ నవలలో ఉన్న పేరది. విమర్శలు రానే వచ్చాయి. సరే, రెండోసారైనా జాగ్రత్త పడతారనుకుంటే, ‘న్యూ ఆర్డర్’ హిట్లర్ వాడిన మాటే! అది పత్రికలో కంబోడియా గురించి వచ్చిన వ్యాసంలో దొరికిందని, నాజీలతో ఏ సంబంధమూ లేదని వాళ్ళు ఎంత మొత్తుకున్నా అనుమానం చాలాకాలం వదల్లేదు.

అసలు పేరు ఎందుకు మార్చారంటారా? నలుగురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఆ పేరు వాడకూడదని వాళ్ళలో వాళ్ళకు ముందే ఒక ఒప్పందం ఉంది. దాన్ని నిలబెట్టుకున్నారు.

సింథసైజర్లు, యంత్రాలు కర్టిస్ పోయాక వచ్చాయని చాలామంది అనుకుంటారు. కానీ జర్మన్ ఎలక్ట్రానిక్ బృందం క్రాఫ్ట్‌వెర్క్‌ని మిగతావాళ్ళకు పరిచయం చేసిందే కర్టిస్. వేదిక ఎక్కేముందు ఆ జర్మన్ బృందం రికార్డు వేయించేవాడు. సమ్నర్ అయితే విడిభాగాల కిట్ తెప్పించుకుని, రాత్రుళ్ళు కూర్చుని తనే ఒక సింథసైజర్ బిగించాడు. ఇది జాయ్ డివిజన్ రోజుల్లోనే. కర్టిస్ పోయిన రెండు నెలలకు విడుదలైన ‘క్లోజర్’ ఆల్బమ్‌లో ‘ఐసొలేషన్’ అనే పాట ఉంది. గొంతు ఒక్కటి మార్చి వినిపిస్తే న్యూ ఆర్డర్ పాటే అనుకుంటారు. ఆ కిట్ల పిచ్చి సమ్నర్‌ని తరవాతా వదల్లేదు. న్యూ ఆర్డర్ పాట ‘బ్లూ మండే’లో సింథసైజర్‌ని నడిపించిన సీక్వెన్సర్ అనే పరికరం కూడా అతను ఇంట్లో బిగించుకున్నదే.

నిజంగా మారింది గొంతు. ఎవరు పాడాలో తేలక ముగ్గురూ తలా కొంచెం ప్రయత్నించారు. చివరికి భారం సమ్నర్ మీద పడింది. కర్టిస్‌ది లోతైన, శాసించే కంఠం; సమ్నర్‌ది సన్నని, బెరుకు గొంతు. పాడుతూ గిటార్ వాయించడం అతనికి కష్టం కాబట్టి పాట ఒకచోట, గిటార్ ఇంకోచోట వచ్చేవి. మధ్యలో మిగిలిన జాగాను సింథసైజర్లు నింపాయి. 1980 అక్టోబరులో మోరిస్ స్నేహితురాలు గిలియన్ గిల్బర్ట్ చేరింది. తరవాత వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

‘సెరెమనీ’ కథ వినండి. కర్టిస్ ఉండగా తయారైన ఆఖరి పాటల్లో అదొకటి. 1980 మే 2న బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో జరిగిన ఆఖరి కచేరీలో జాయ్ డివిజన్ దాన్ని పాడింది. కర్టిస్ చేతిరాతలో సాహిత్యం మిగల్లేదు. ఉన్నవల్లా నాసిరకం రికార్డింగులు. వాటినే మళ్ళీ మళ్ళీ వింటూ, చప్పుడులోంచి మాటలు ఏరుకుంటూ సమ్నర్ రాసుకున్నాడు. అలా 1981లో అది న్యూ ఆర్డర్ మొదటి రికార్డు అయింది. అదీ రెండుసార్లు: ముందు ముగ్గురు వాయించింది, అదే ఏడాది గిలియన్‌తో కలిసి నలుగురు మళ్ళీ వాయించింది. రెండూ దొరుకుతాయి, పక్కపక్కన పెట్టుకుని వినండి. నాకు మొదటిదే ఇష్టం, కొంచెం తడబాటు ఉన్నా.

‘బ్లూ మండే’ 1983 మార్చిలో వచ్చింది. నిడివి ఏడున్నర నిమిషాలు. బ్రిటన్‌లో అత్యధికంగా అమ్ముడైన 12 అంగుళాల సింగిల్ అదే. పుట్టుక మాత్రం బద్ధకంలోంచి! కచేరీ అయ్యాక జనం ‘ఇంకొకటి’ అని అరుస్తుంటే మళ్ళీ వేదిక ఎక్కడం వీళ్ళకు ఇష్టం లేదు. మీట నొక్కితే యంత్రమే వాయించుకునే పాట ఒకటి ఉంటే తాము లోపల హాయిగా కూర్చోవచ్చని ఆలోచన. యంత్రానికి ఎక్కించాల్సిన స్వరాలన్నీ గిలియన్ కాగితాలు ఒకదానికొకటి అతికించి పొడుగ్గా రాసుకుంది. అందులో ఒక స్వరం జారిపోయింది. దాంతో రాగం తాళానికి కొంచెం పక్కగా నడుస్తుంది. దిద్దకుండా అలాగే ఉంచేశారు. ఫ్లాపీ డిస్కులా ఉండే దాని అట్టా సావిల్ పనే, దాని మీదా పేర్లు లేవు. అంచున ఉన్న రంగుల పట్టీలే అక్షరాలు. చదవాలంటే వాళ్ళ ఇంకో ఆల్బమ్ వెనక ఉన్న రంగుల చక్రం చూడాలి. ఆ అట్టకు అయిన ఖర్చు వల్ల అమ్మిన ప్రతి కాపీకీ నష్టమే వచ్చిందని ఒక కథ చెబుతారు.

డబ్బు పోయిన అసలు దారి వేరే. 1982లో తమ రికార్డు కంపెనీ ఫ్యాక్టరీ రికార్డ్స్‌తో కలిసి మాంచెస్టర్‌లో ‘హసియెండా’ అనే క్లబ్ తెరిచారు. ప్రపంచమంతా పేరొచ్చింది, లాభం రాలేదు. పాటలు సంపాదించింది క్లబ్ మింగింది. 1997లో మూతపడింది. ఆ డాన్స్‌ఫ్లోర్ చెక్కను తరవాత హుక్ బేస్ గిటార్లలో వాడించాడు.

న్యూ ఆర్డర్‌కి బ్రిటన్‌లో నంబర్ వన్ అయిన సింగిల్ ఒక్కటే. అది 1990లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టు కోసం చేసిన ‘వరల్డ్ ఇన్ మోషన్’. అందులో ఆటగాడు జాన్ బార్న్స్ ర్యాప్ చేస్తాడు.

కర్టిస్ మరణం తరవాత కూడా విడిపోని హుక్, సమ్నర్ 2007లో విడిపోయారు. పేరు మీద, రాబడి మీద కోర్టుకెక్కారు. 2017లో రాజీ కుదిరింది. ఇప్పుడు హుక్ తన ‘ది లైట్’ బృందంతో రెండు బృందాల ఆల్బమ్‌లూ వరసగా వాయిస్తాడు. అతను లేని న్యూ ఆర్డర్ తన పాటలతో పాటు జాయ్ డివిజన్ పాటలూ వాయిస్తుంది. ఎవరి కచేరీకి వెళ్ళినా చివర్లో చాలాసార్లు వినపడేది ఒకటే, కర్టిస్ రాసిన ‘లవ్ విల్ టేర్ అస్ అపార్ట్’.