ప్రోటీన్ ఎన్.ఎమ్.ఆర్. స్పెక్ట్రోస్కోపీ: సంకేత గ్రాహ్యతను పెంచే మార్గాలు - పరిశీలన

ఉపోద్ఘాతం:

ప్రోటీన్ అణువుల నిర్మాణాన్ని, చలనాన్ని ద్రావణస్థితిలోనే పరమాణుస్థాయిలో చూపగల పద్ధతి కేంద్రక అయస్కాంత అనునాదం. దీనినే ఎన్.ఎమ్.ఆర్. అంటున్నాం. ఘన, ద్రవ పదార్థాలలో ఈ దృగ్విషయాన్ని 1946లో ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. ఇథనాల్ అణువులోని హైడ్రోజన్లు మూడు వేర్వేరు సంకేతాలుగా కనిపిస్తాయని 1951లో చూపిన పత్రం రచయితలలో ఎస్.ఎస్. ధర్మట్టి ఒకరు కావడం భారతీయ పాఠకులు గుర్తుంచుకోదగిన విషయం. ఇంతటి పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత ఒకటుంది. అది సంకేతం అత్యల్పంగా ఉండటం. ఆ లోపాన్ని అధిగమించడానికి జరిగిన ప్రయత్నాలలో ముఖ్యమైన వాటిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా పరిభాష గురించి ఒక మాట. ‘సెన్సిటివిటీ’ని సున్నితత్వం అనడం వాడుక. ఆ మాట యంత్రం స్వభావాన్ని సూచిస్తుందే తప్ప, సంకేతం రొదకంటే ఎంత ఎత్తున నిలుస్తున్నదన్న అసలు ప్రశ్నను సూచించదు. రొద కూడా సమానంగా పెరిగితే ఎంత సున్నితమైన యంత్రమైనా నిరుపయోగమే. అందువల్ల ఇక్కడ ‘గ్రాహ్యత’ అనే పదాన్ని వాడుతున్నాను.

సంకేతం ఎందుకు బలహీనం?

అయస్కాంత క్షేత్రంలో ప్రోటాన్లు రెండు శక్తిస్థాయులలో సర్దుకుంటాయి. 14.1 టెస్లా క్షేత్రంలో, అంటే 600 మెగాహెర్ట్జ్ యంత్రంలో, గది ఉష్ణోగ్రత వద్ద లక్ష ప్రోటాన్లను తీసుకుంటే పై స్థాయిలో కంటే కింది స్థాయిలో ఉండేవి సుమారు ఐదు మాత్రమే ఎక్కువ. మిగిలినవన్నీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. మనకు వినిపించేది ఆ ఐదింటి గొంతే.

ప్రయోగాన్ని పదేపదే చేసి ఫలితాలను కలపడం మొదటి ఉపాయం. అయితే సంకేతం ప్రయోగాల సంఖ్యకు అనులోమంగా పెరిగితే, రొద దాని వర్గమూలానికి అనులోమంగా పెరుగుతుంది. గ్రాహ్యత రెట్టింపు కావాలంటే కాలం నాలుగింతలు కావాలి. ప్రోటీన్ గాఢత సగానికి తగ్గితే 16 గంటల ప్రయోగం 64 గంటలకు చేరుతుంది. ఈలోగా ప్రోటీన్ ముద్దకట్టవచ్చు, విచ్ఛిన్నం కావచ్చు. ఇతర సంస్థల యంత్రంపై కేటాయించిన వ్యవధిలోనే పనిచేయవలసిన పరిశోధకునికి ఈ వర్గమూల నియమం కేవలం సూత్రం కాదు, పరిశోధన సాగుతుందా ఆగుతుందా అన్న ప్రశ్న.

ప్రోటాన్ ద్వారా నైట్రోజన్‌ను చూడటం:

ప్రోటీన్ వెన్నెముకను చదవడానికి నైట్రోజన్-15 సమస్థానీయం కీలకం. ప్రకృతిలో దాని వాటా 0.4 శాతం కూడా లేదు. కనుక నైట్రోజన్-15 గల అమ్మోనియం క్లోరైడ్‌ను ఆహారంగా ఇచ్చి బ్యాక్టీరియాలో ప్రోటీన్‌ను ఉత్పత్తి చేస్తారు. సమస్య అంతటితో తీరదు. నైట్రోజన్ అయస్కాంత బలం ప్రోటాన్ బలంలో పదోవంతు మాత్రమే. 1979లో గారెత్ మోరిస్, రే ఫ్రీమన్ ప్రతిపాదించిన ‘ఇనెప్ట్’ పద్ధతి ప్రోటాన్ ధ్రువణాన్ని నైట్రోజన్‌కు బదిలీ చేస్తుంది. దానిని మళ్లీ ప్రోటాన్‌కు మళ్లించి అక్కడ గ్రహిస్తే, నైట్రోజన్‌ను నేరుగా గ్రహించడంతో పోల్చినప్పుడు సిద్ధాంతరీత్యా సుమారు 300 రెట్ల లాభం ఉంటుంది. ఆచరణలో కొంత నష్టపోక తప్పదు. నేడు ప్రతి ప్రోటీన్ ప్రయోగశాలలోనూ తొలుత నమోదుచేసే హెచ్.ఎస్.క్యు.సి. వర్ణపటానికి ఆధారం ఇదే. అందులో ప్రధాన శృంఖలంలోని ఒక్కో అమైడ్‌కు ఒక్కో బిందువు వస్తుంది. అమైడ్ హైడ్రోజన్ లేని ప్రోలిన్‌కు మాత్రం రాదు.

చల్లని తీగచుట్ట, ఉప్పు నీరు:

రొదలో అధికభాగం సంకేతాన్ని గ్రహించే తీగచుట్ట వేడి నుండే పుడుతుంది. శీతల ప్రోబ్‌లో ఆ చుట్టను సుమారు 20 కెల్విన్‌లకు చల్లబరుస్తారు, నమూనా మాత్రం గది ఉష్ణోగ్రతలోనే ఉంటుంది. అనుకూల పరిస్థితులలో గ్రాహ్యత మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. నాలుగు రెట్లంటే కాలంలో పదహారు రెట్ల ఆదా, రోజంతా పట్టే ప్రయోగం గంటన్నరలో ముగుస్తుంది.

ఇక్కడే చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. నమూనాలో ఉప్పు ఎక్కువైతే ద్రావణం విద్యుత్తును ప్రవహింపజేసి, రేడియో శక్తిని హరించి, తానే రొదకు మూలమవుతుంది. అప్పుడు కోట్ల రూపాయల పరికరం ఇచ్చిన లాభంలో గణనీయమైన భాగం చిటికెడు సోడియం క్లోరైడ్ వల్ల పోతుంది. ప్రోటీన్ స్థిరత్వం అనుమతించినంత మేరకు ఉప్పు తగ్గించడం, నెమ్మదిగా కదిలే అయాన్లు గల బఫర్‌ను ఎంచుకోవడం, ఉప్పు తప్పనిసరైతే 5 మిల్లీమీటర్ల గొట్టానికి బదులు 3 మిల్లీమీటర్ల గొట్టం వాడటం దాదాపు ఖర్చులేని పరిష్కారాలు. యంత్రాన్ని మార్చాలన్న ఆలోచనకు ముందు నమూనాను సరిచేయడం వివేకమని నా అభిప్రాయం.

పెద్ద ప్రోటీన్లు, పెద్ద అయస్కాంతాలు:

ప్రోటీన్ పరిమాణం పెరిగేకొద్దీ ద్రావణంలో అది నెమ్మదిగా దొర్లుతుంది. సంకేతం త్వరగా క్షీణించి, రేఖలు వెడల్పై రొదలో కలిసిపోతాయి. 1997లో కుర్ట్ వూత్రిక్ బృందం ప్రకటించిన ‘ట్రోసీ’ పద్ధతి క్షీణతకు కారణమైన రెండు ప్రక్రియలను ఒకదానితో ఒకటి పోట్లాడించి, నిదానంగా క్షీణించే అంశాన్ని మాత్రమే ఎంచుకుంటుంది. ప్రోటీన్‌లోని హైడ్రోజన్లలో అధికభాగాన్ని డ్యుటీరియంతో మార్చినప్పుడు ఇది మరింత ఫలిస్తుంది. అయితే భారజలంలో బ్యాక్టీరియా మందకొడిగా పెరుగుతుంది, దిగుబడి తగ్గుతుంది.

నేడు 28.2 టెస్లాల, అంటే 1.2 గిగాహెర్ట్జ్ యంత్రాలు వచ్చాయి. గ్రాహ్యత క్షేత్రబలపు ఒకటిన్నర ఘాతంతో పెరుగుతుంది కనుక, 600 మెగాహెర్ట్జ్‌తో పోలిస్తే లాభం సుమారు 2.8 రెట్లు. రేఖల విభజన మెరుగుపడటం దీని అసలు ప్రయోజనం. గ్రాహ్యత కోసమే ఇంత వ్యయం సమర్థనీయం కాదు.

ఆ ఐదు ప్రోటాన్ల సంఖ్యనే పెంచే మార్గం కూడా ఉంది. 1953లో ఆల్బర్ట్ ఓవర్‌హౌజర్ ఊహించిన విధంగా ఎలక్ట్రాన్ ధ్రువణాన్ని కేంద్రకాలకు మళ్లిస్తే, సిద్ధాంతరీత్యా ప్రోటాన్లకు సుమారు 660 రెట్ల వృద్ధి సాధ్యం. అయితే దానిని ప్రోటీన్లపై ప్రయోగించేటప్పుడు సాధారణంగా నమూనాను 100 కెల్విన్‌ల సమీపంలో గడ్డకట్టించాలి. ద్రావణంలో కదిలే ప్రోటీన్‌ను చూడాలన్నది లక్ష్యమైనప్పుడు ఆ కదలికే ఇక్కడ మూల్యమవుతుంది. అందువల్ల ఈ పద్ధతి ప్రస్తుతం పొర ప్రోటీన్లు, అమిలాయిడ్ తంతువుల వంటి ఘనస్థితి నమూనాలకే ఎక్కువగా ఉపకరిస్తున్నది.