మన రోడ్లు – మన మాట

"అడగందే అమ్మయినా పెట్టదు" అని మన పెద్దలు అంటారు. రోడ్డు భద్రత విషయంలో ఈ సామెత అక్షరాలా నిజం. రోడ్లకు సంబంధించిన పెద్ద ప్రణాళికలు వేసేటప్పుడు అధికారులు ప్రజల అభిప్రాయం అడుగుతారు. మ్యాపులు పెట్టి సమావేశాలు జరుపుతారు, ప్రశ్నపత్రాలు పంపుతారు. మనలో చాలామందిమి మాత్రం "మనకెందుకులే, మనం చెబితే వింటారా?" అని పక్కన పెట్టేస్తాం. అసలు ఈ అభిప్రాయ సేకరణ ఎందుకు చేస్తారు? మన మాట ఎక్కడికి వెళుతుంది? దాన్ని ఎలా చెప్పాలి? ఈ మూడు విషయాలూ తల్లిదండ్రులకు, పెద్ద తరగతుల పిల్లలకు ఉపయోగపడతాయని ఈ వ్యాసం.

పెరిగిన ఊరు

కమ్మింగ్ ముఖ్యపట్టణంగా ఉన్న మన ఫోర్సైత్ కౌంటీ జనాభా 2000 సంవత్సరంలో 98,407. 2010 నాటికి అది 1,75,511 అయింది. 2020 లెక్కల్లో 2,51,283కి చేరింది. అంటే ఇరవై ఏళ్ళలో రెండున్నర రెట్లు! ఒకప్పుడు పచ్చిక బయళ్ళ మధ్య రెండు లేన్లతో ప్రశాంతంగా ఉన్న రోడ్లే ఇప్పుడు పెద్ద పెద్ద సబ్‌డివిజన్లకు రాకపోకల దారులయ్యాయి. పొద్దున్నే స్కూలు బస్సులు, ఆఫీసులకు పరుగెత్తే కార్లు, సాయంత్రం నడకకు బయలుదేరే తాతయ్యలు, అమ్మమ్మలు – అందరికీ అవే రోడ్లు.

ఎవరి రోడ్డు?

ముందుగా తెలుసుకోవలసింది ఏ రోడ్డు ఎవరి చేతిలో ఉందన్నది. హైవే 400, హైవే 20, హైవే 9, హైవే 141 వంటివి రాష్ట్ర రహదారులు. వాటిని జార్జియా రవాణా శాఖ చూసుకుంటుంది. ఓల్డ్ అట్లాంటా రోడ్డు వంటివి కౌంటీవి. కమ్మింగ్ నగర పరిధిలోని వీధులు కొన్ని నగరానివి. గేటు ఉన్న కొన్ని సబ్‌డివిజన్లలో లోపలి వీధులు అక్కడి ఇళ్ళవాళ్ళ సంఘానివే. హైవే 20 గురించి కౌంటీకి ఫిర్యాదు చేసి జవాబు రాలేదని నిరాశపడితే లాభం లేదు.

వీటన్నిటికీ పైన అట్లాంటా ప్రాంతమంతటికీ కలిపి ప్రణాళిక వేసే సంస్థ ఒకటి ఉంది. దాని పేరు అట్లాంటా రీజినల్ కమిషన్. 50,000 జనాభా దాటిన పట్టణ ప్రాంతాలు రవాణా ప్రణాళికను అందరూ కలిసి వేసుకోవాలని 1962లో కేంద్ర చట్టం చెప్పింది. ఆ పద్ధతి ప్రకారం ఈ కమిషన్ మన కౌంటీతో సహా 20 కౌంటీలకు రవాణా ప్రణాళిక తయారు చేస్తుంది. 2050 వరకు చూపు పెట్టుకున్న ప్రణాళికను 2024లో ఆమోదించారు. దీన్ని నాలుగేళ్ళకోసారి తిరగరాస్తారు. అందులో చోటు దొరకని పెద్ద పనికి కేంద్ర నిధులు దొరకడం కష్టం. అందుకే ముసాయిదా దశలో నోరు విప్పాలి. అంతా అయిపోయాక అడగడం చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లే.

మన మాట చెత్తబుట్టలోకి పోతుందా అంటే, పోకూడదని నిబంధన ఉంది. ముసాయిదా మీద చెప్పుకోదగ్గ అభిప్రాయాలు వస్తే, వాటి సారాంశాన్ని, వాటిని ఏం చేశారన్న వివరాన్ని తుది ప్రణాళికతో పాటు చేర్చాలి.

లెక్కలకు అందనివి

ప్రమాదాల లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి కదా, మళ్ళీ మనల్ని అడగడం దేనికి? ఇది మంచి ప్రశ్న. ప్రమాదం జరిగి పోలీసు రిపోర్టు రాస్తేనే అది లెక్కలోకి వస్తుంది. త్రుటిలో తప్పిన ప్రమాదం ఏ లెక్కలోకీ రాదు. సైడ్‌వాక్ మధ్యలోనే ఆగిపోవడంతో గడ్డి మీద నడిచే అవ్వ, రోడ్డు దాటలేక ఎదురుగా ఉన్న పార్కుకే వెళ్ళడం మానేసిన పిల్లలు ఏ రిపోర్టులోనూ కనబడరు. ఆ రోడ్డు మీద ప్రమాదాలు లేవని కాగితం చెబుతుంది. అక్కడ నడిచే ధైర్యం ఎవరికీ లేదని చెప్పగలిగేది మనమే.

2023లో అమెరికాలో రోడ్డు ప్రమాదాల వల్ల దాదాపు 40,900 మంది చనిపోయారు. మనిషి పొరపాటు చేయక మానడు, ఆ పొరపాటుకు ప్రాణం పోకుండా రోడ్డును కట్టాలి అన్న ఆలోచనను స్వీడన్ 1997లో జాతీయ విధానంగా తీసుకుంది. అమెరికాలోనూ 2021 చట్టం ద్వారా 2022 నుండి 2026 వరకు ఐదేళ్ళకు 500 కోట్ల డాలర్లు ఇటువంటి స్థానిక భద్రతా పనులకు కేటాయించారు. ఆ నిధుల కోసం వేసే ప్రణాళికల్లో ప్రజలను కలుపుకోవడం ఒక భాగం.

వేగం సంగతే చూడండి. నడిచే మనిషిని 23 మైళ్ళ వేగంతో కారు గుద్దితే చనిపోయే అవకాశం సగటున నూటికి 10. అదే 42 మైళ్ళయితే నూటికి 50! వయసు మళ్ళినవారికి ఇంకా ఎక్కువ. స్టాప్ సైన్లున్న కూడలిని రౌండబౌట్‌గా మారిస్తే ప్రాణాపాయం, గాయాలు బాగా తగ్గడానికి కారణం కూడా ఇదే. అక్కడ వేగం తప్పనిసరిగా తగ్గుతుంది.

ఇక్కడ మనలో మనం ఒప్పుకోవలసిన మాట ఒకటుంది. మన ఇంటి ముందు కార్లన్నీ మెల్లగా పోవాలంటాం, మనం ఆఫీసుకు పోయే దారి మాత్రం వెడల్పుగా, వేగంగా ఉండాలంటాం. మన దారి ఇంకొకరి ఇంటి ముందు నుంచే కదా! రెండూ ఒకేచోట దొరకవు. ఏది ముఖ్యమో తేల్చుకుని చెప్పాలి.

ఎలా చెప్పాలి?

"ట్రాఫిక్ ఎక్కువగా ఉంది, ఏదైనా చేయండి" అని రాస్తే ఇంజనీరు ఏమీ చేయలేడు. ఏ రోడ్డు, ఏ మలుపు, ఏ సమయం, ఏం జరుగుతోంది, ఎవరికి అపాయం – ఈ ఐదూ రాయండి. "ఫలానా సబ్‌డివిజన్ ఎదుట, స్కూలు రోజుల్లో ఉదయం ఏడున్నరకు ఎడమవైపు తిరగబోతే కొండ దిగి వచ్చే కార్లు కనబడవు" అంటే దానికి విలువ ఉంటుంది. ఒకే ఉత్తరం మీద యాభై సంతకాల కన్నా ఎవరు చూసింది వారు రాసిన పది ఉత్తరాలు ఎక్కువ సమాచారం ఇస్తాయి.

2014 నవంబరులో మన కౌంటీ ఓటర్లు రోడ్ల కోసం 20 కోట్ల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. అలాంటి ఓటుకు పౌరసత్వం ఉండాలి. కానీ అభిప్రాయం చెప్పడానికి ఓటు హక్కు అక్కరలేదు. వీసా మీద ఉన్నవారు, గ్రీన్ కార్డు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నవారు, ఇంకా పద్దెనిమిది నిండని పిల్లలు – రోడ్డు మీద నడిచే ప్రతివారూ చెప్పవచ్చు. మన గ్రామసభలో రచ్చబండ దగ్గర నిలబడి మాట్లాడినట్లే ఇదీను.

అయితే అభిప్రాయం ఆజ్ఞ కాదు. అడిగినవన్నీ జరగవు, జరిగేవి కూడా ఏళ్ళు పడతాయి. అయినా అడగని చోటు జాబితాలోకే ఎక్కదు.

పిల్లలూ, మీకో చిన్న పని. ఈసారి అమ్మమ్మో తాతయ్యో మీ ఇంటికి వచ్చినప్పుడు వారితో కలిసి వీధి చివరి దాకా నడవండి. ఎక్కడ భయం వేసిందో అడగండి. వారు తెలుగులో చెప్పింది మీరు ఇంగ్లీషులో రాసి పంపండి. మీరు నేర్చుకున్న రెండు భాషలూ ఒక ప్రాణానికి అక్కరకు వస్తే అంతకన్నా ఏం కావాలి?